కాళ్ళు చూసి పలకరించే డాక్టరమ్మ

డాక్టరమ్మగారు పోయారన్న కబురు చెప్పడానికి వాళ్ళు నాకు మూడుసార్లు ఫోన్ చేయాల్సొచ్చింది. మొదటి రెండుసార్లూ నేనే కట్ చేశాను. తెలియని నంబరు. పొద్దున్నే ఏడున్నరకి తెలియని నంబరు మోగిందంటే బ్యాంకు పేరు చెప్పి ఓటీపీ అడిగేవాళ్ళే అయ్యుంటారని నా నమ్మకం. మూడోసారి ఎత్తి, అవతలి మనిషి నోరు తెరవకముందే "ముందు మీరెవరో చెప్పండి" అన్నాను.

"గుంటూరు ఆస్పత్రి నుంచి నర్సునండి. డాక్టరమ్మగారు ఇందాకే పోయారు. ఆవిడ కాగితాల మీద మీ నంబరు రాసుంది."

"ఏ డాక్టరమ్మ?" అన్నాను. నాకు తెలిసిన డాక్టరమ్మ ఒక్కరే, అయినా అడిగాను. ఆవిడది ఏ ఊరో చెప్పమన్నాను, ఏ మాత్రలు వాడేవారో చెప్పమన్నాను. ఆ పిల్ల పాపం ఓపిగ్గా అన్నీ చెప్పింది. అన్నీ సరిపోయాయి. అప్పుడు గానీ నాకు ఏడుపు రాలేదు. చావు కబురుని కూడా ఆధార్ కార్డు చూపించమనే మనిషిని నేను. ఇది ముందే చెప్పేయడం మంచిది, ఎందుకంటే ఆవిడతో నా పరిచయం అనుమానంతోనే మొదలైంది.

ఆరేళ్ళ కిందట మా పక్కింటి మేడ మీద వాటా అద్దెకి తీసుకుని దిగారావిడ. మాది మార్టూరు దగ్గర పల్లె. ఓ పక్క మిరప, ఓ పక్క పత్తి, రోడ్డెక్కితే గ్రానైట్ లారీలు. గుంటూరులో మెడికల్ కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరైన మనిషి, పెళ్ళీ పెటాకులూ లేని మనిషి, ఈ దుమ్ములో ఏం చూసుకుని వచ్చినట్టు? ఊళ్ళో తలో మాటా అన్నారు. పురుగుమందుల కంపెనీవాళ్ళు పంపారన్నారు కొందరు. రోడ్డు వెడల్పు కోసం పొలాలు చూసి పెట్టడానికొచ్చిందన్నారు ఇంకొందరు. నేను మాత్రం ఆవిడ తిండి చూసి అనుమానపడ్డాను. మర్యాదకి గోంగూర పచ్చడి పంపిస్తే, వేలితో ముట్టుకుని నాలిక మీద పెట్టుకుని కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. "గుంటూరంట గుంటూరు! కారం తినలేని గుంటూరు మనిషిని ఎక్కడన్నా చూశావా?" అని మా ఆయనతో అన్నాను. పుట్టి పెరిగింది పొన్నూరనీ, చిన్నప్పట్నుంచీ పెరుగన్నమే ప్రాణమనీ తర్వాతెప్పుడో తెలిసింది.

దానికి తోడు ఆవిడ చూపు. ఎవరు ఎదురైనా ముందు కాళ్ళు చూసేవారు. ఆ తర్వాత చేతులు, అన్నిటికంటే ఆఖర్న మొహం. "బాగున్నారా" అన్న మాట కూడా మన పాదాలని చూసే అడిగేవారు. మా ఆయన పొలం నుంచొస్తుంటే గేటు దగ్గర నిలబడి ఆయన నడక చూసి, "ఎడమ మడమ నొప్పా?" అన్నారట. నిజంగానే ముల్లు దిగి ఉంది. మా ఆయన సంతోషించాల్సింది పోయి, ఇంట్లోకొచ్చి "ఈవిడ మనల్ని కనిపెడుతోందే" అన్నాడు.

కనిపెట్టడమే ఆవిడ పని. మెదడు అడుగున, రెండు పక్కలా, కొన్ని కణాల గుంపులుంటాయి. వాటిని బేసల్ గాంగ్లియా అంటారు. మనిషి కదలడం, కదలాలనిపించడం, ఒక పని ఆపి ఇంకో పనికి మళ్ళడం, వీటన్నిట్లో వాటికి చెయ్యుంది. ముప్పై ఏళ్ళు కాలేజీలో వాటి గురించే పాఠం చెప్పారావిడ. రిటైరయ్యాక, ఆస్పత్రి గదిలో పది నిమిషాలు చూసే రోగులు కాకుండా, ఇంట్లో, చేలో, బజార్లో తిరిగే మనుషుల్ని చూడాలని వచ్చారు. ఈ సంగతులన్నీ మొదటి వారంలోనే మాకు చెప్పారు. మేం ఒక్క ముక్క నమ్మలేదు.

ఓ రోజు ఎనిమిది పేజీల కాగితాలు పట్టుకుని మా ఇంటికొచ్చారు. మా మావయ్యగారి నడక వీడియో తీసుకుంటాను, దానికి మీ ఒప్పుదల కావాలి అన్నారు. సంతకం అన్న మాట వినపడగానే మా ఆయన నా వైపు తిరిగి, "పొలం పాసుపుస్తకం బీరువాలోనే ఉందా?" అన్నాడు, ఆవిడకి వినపడేలాగే. ఆవిడ ఏమీ అనుకోలేదు. "వద్దని చెప్పే హక్కు ఏ పేజీలో ఉందో అది ముందు చదువుతాను" అని కళ్ళజోడు పెట్టుకుని, అది చదివి, మిగతా ఏడు పేజీలూ చదివారు. గంట పట్టింది. అంతా విని మా ఆయన "వద్దండీ" అన్నాడు. "మంచిది" అని కాఫీ తాగి వెళ్ళిపోయారు. మర్నాడు కాగితాలు లేకుండా ఊరికే కాఫీకి వచ్చారు. అది మాకు ఇంకా అనుమానంగా తోచింది.

ఇక మా మావయ్యగారి సంగతి చెప్పాలి. చెప్పడానికి నాకు సిగ్గే, అయినా చెప్పకపోతే ఆవిడ నాకు చేసిన మేలు మీకు తెలియదు.

పాత పెంకుటిల్లు తీసేసి మేం కొత్త ఇల్లు కట్టుకున్నాం. మార్టూరు నుంచి నల్ల గ్రానైట్ తెచ్చి హాలంతా పరిపించాం. పాలిష్ పెట్టిన రోజున మావయ్యగారు గుమ్మంలో నిలబడి, "ఈ అద్దం మీద నేను నడవను గాక నడవను" అన్నారు. అన్నట్టే ఏడాది తిరిగేసరికి నడవడం మానేశారు. మంచం దిగి రెండడుగులేసి హాలు మధ్యలో ఆగిపోయేవారు. అరికాళ్ళు నేలకి అంటుకుపోయినట్టు నిలబడిపోయేవారు. పిలిస్తే పలికేవారు కాదు. మొహం గంటు పెట్టుకుని కూర్చునేవారు. కాఫీ ఆలస్యమైతే ఇల్లెగరగొట్టే మనిషి, కాఫీ ఇచ్చినా ఇవ్వకపోయినా ఊరుకునేవారు. పంతం పట్టారు, ఇల్లు తన మాట కాదని కట్టామని సాధిస్తున్నారు, అని అందరం తేల్చేసుకున్నాం. డాక్టరమ్మగారు "ఇది జబ్బు, గుంటూరులో నరాల డాక్టరుకి చూపించండి" అని రెండుసార్లు చెప్పారు. ఆ డాక్టరు దగ్గర ఈవిడకేమన్నా కమీషనుందేమోనని నేను అనుకున్నాను.

మా అనుమానానికి కారణం లేకపోలేదు. అదే మనిషి చేలో బ్రహ్మాండంగా నడిచేవారు. పత్తి పెట్టే ముందు మా వైపు అచ్చు తోలతారు. దుక్కి మీద నిలువుగా, అడ్డంగా గీతలు లాగుతారు, గీతలు కలిసిన చోట గింజ పెడతారు. అచ్చు తోలడంలో మావయ్యగారిది అందె వేసిన చెయ్యి. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు ఆయన్ని పిలుచుకుపోయి గీత వేయించుకునేవారు. ఆటో ఎక్కించి చేలో దింపితే, ఆ గీతల మీద ఒక్కో అడుగూ దాటుకుంటూ పాతికేళ్ళ కుర్రాడిలా పోయేవారు. ఇంటికి తెస్తే మళ్ళీ కొయ్యబారిపోయేవారు. మీరే చెప్పండి, మీకైతే అనుమానం రాదా?

పత్తి గింజ పెట్టే రోజున కూలీలు మా ఇంట్లో టీ తాగుతున్నారు. మావయ్యగారు బాత్రూంకని లేచి హాలు మధ్యలో ఆగిపోయారు. ఆపుకోలేకపోయారు. పంచె తడిసి, ఆ నల్ల రాయి మీద నీళ్ళు పారాయి. పదిమంది ఆడవాళ్ళ ముందు నాకు తల కొట్టేసినట్టయింది. "ఇంక నటన ఆపండి మావయ్యగారూ! చేలో పరిగెత్తే కాళ్ళకి హాల్లో ఏమొచ్చింది?" అని అరిచాను. ఆయన మొహంలో ఒక్క గీత కదల్లేదు, కళ్ళలోంచి మాత్రం నీళ్ళు కారాయి. కదలని మొహం మీద కన్నీళ్ళు ఏంటి, ఇదీ నటనేనేమో అనుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే నా నోరు నేనే నొక్కేసుకోవాలనిపిస్తుంది.

అంతటితో ఆగానా? మర్నాడు చేలో తుమ్మ కంప చాటున నిలబడి, ఆయన అచ్చు గీతలు దాటుకుంటూ నడవడం ఫోన్లో వీడియో తీశాను. సాక్ష్యం. అది పట్టుకుని తిన్నగా మేడెక్కి డాక్టరమ్మగారి ముందు పెట్టాను. "ఇదిగోండి మీ జబ్బు. కళ్ళారా చూడండి."

ఆవిడ ఫోను మొహానికి దగ్గరగా పెట్టుకుని ఏడుసార్లు చూశారు. నాకు ఓపిక నశించింది.

"ఈ నేల మీద గీతలేంటమ్మా?" అన్నారు.

చెప్పాను.

"గీతల్లేని చోట, గట్టు మీద, ఎట్టా నడిచారు? అది వీడియోలో లేదే."

"తీయలేదండి."

"ఎందుకని?"

ఎందుకో నాకు తెలుసు గానీ చెప్పే ధైర్యం లేదు. గట్టు దగ్గరికొచ్చేసరికి ఆయన ఆగిపోయారు. పక్క చేను రైతు వచ్చి చెయ్యి పట్టుకుని దాటించాల్సొచ్చింది. అది నేను చూశాను. చూసి ఫోను ఆపేశాను. ఆ మాట ఎలాగో నోట్లోంచి ఊడిపడింది.

ఆవిడ కోప్పడలేదు. "నీకు కావాల్సింది మాత్రమే తీశావు. అనుమానపడే మనిషి రెండు వైపులా తీయాలి" అన్నారు. అలా అంటూనే చెప్పులు వేసుకున్నారు. "ఇంట్లో ముగ్గుపిండి ఉందా?"

మంచం దగ్గర్నుంచి బాత్రూం దాకా, అడుగుకో గీత చొప్పున, గ్రానైట్ మీద అడ్డంగా ముగ్గు వేయమన్నారు. చుక్కల్లేవు, పువ్వుల్లేవు, వట్టి గీతలు. హాల్లో ఇదేం ముగ్గని మా ఆయన గొణుక్కున్నాడు. మావయ్యగారిని లేపి నిలబెట్టి, "గీతలు దాటుతూ పొండి పెద్దాయనా" అన్నారావిడ. ఆయన కాసేపు కిందికి చూస్తూ నిలబడ్డారు. మొదటి గీత మీంచి కాలెత్తి అవతల పెట్టారు. తర్వాత రెండోది. ఎక్కడా ఆగకుండా బాత్రూం తలుపు దాకా వెళ్ళి, గోడ పట్టుకుని మెల్లగా తిరిగి, చాలా రోజుల తర్వాత నాతో నోరు తెరిచి మాట్లాడారు.

"అమ్మాయ్, గీతలు వంకరగా ఉన్నాయి."

అప్పుడు నేను ఆయన కాళ్ళ మీద పడ్డానని రాస్తే బాగానే ఉంటుంది గానీ పడలేదు. వంటింట్లోకి పోయి, కుళాయి తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చాను. క్షమించమని ఆయన్ని అడిగింది వారం తర్వాత. ఆయన "సర్లే" అన్నారు, అంతే.

ఆ సాయంత్రం మేడ మీద ఆవిడ నాకు విడమరిచి చెప్పారు. "గుంటూరు మిర్చి యార్డుకి పోయావుగా? గేటు బయట వంద లారీలు నిలబడతాయి. గేటు దగ్గర మనిషి ఒకదాన్ని లోపలికి వదులుతాడు, మిగతావాటిని ఆపుతాడు. మెదడులో ఈ గుంపులు చేసేది దాదాపు ఆ పనే. ఇప్పుడు ఏ పని కదలాలి, ఏవి ఆగాలి. వాటికి డోపమైన్ అని ఒక రసాయనం కావాలి. మీ మావయ్యకి అది తగ్గిపోయింది. సరుకు ఉంది, గేటు తెరుచుకోవడం లేదు. అలవాటైన నడక ఆ గేటు గుండానే పోవాలి. కంటి ముందు గీత కనిపిస్తే, చూసి దాటే పని మెదడులో ఇంకో దారిన పోతుంది." అంత చెప్పి, వెంటనే "ఇదంతా ఇంతే అని నమ్మెయ్యకు. మాకు తెలియనిది ఇంకా చాలా ఉంది" అన్నారు.

ఆ మాట నాకు మొదట నచ్చలేదు. డాక్టరన్నాక తెలుసనాలి గానీ తెలియదనడమేంటి? ఊళ్ళోవాళ్ళూ ఇదే పట్టుకున్నారు. నలభై ఏళ్ళు మిరపకీ పత్తికీ మందులు కొట్టిన మనిషికి ఈ జబ్బొస్తే అది మందువల్లే కదా, ఆ ముక్క కాగితం మీద రాసివ్వమని నిలదీశారు. "కొన్ని మందులకీ దీనికీ సంబంధం ఉందని చెప్పే పరిశోధన ఉంది. మీరు మొహానికి గుడ్డ కట్టుకోకుండా కొట్టడం తప్పే. కానీ ఈ ఒక్క మనిషికి అందువల్లే వచ్చిందని నేను రాయలేను" అన్నారు. కంపెనీ మనిషన్న మాట మళ్ళీ లేచింది. నేనే మేడెక్కి మొహం మీదే అడిగాను, "మీకు వాళ్ళేమన్నా ఇస్తున్నారా?" అని. ఆవిడ పెన్ను కింద పెట్టి, "అడిగావు, బాగుంది. వెనకాల అనుకునేవాళ్ళే గానీ ఎదురుగా అడిగింది నువ్వే. ఏమీ ఇవ్వడం లేదు. నమ్మాలని లేదు, కనిపెట్టి చూడు" అన్నారు. ఆరేళ్ళు కనిపెట్టి చూశాను. ఏమీ దొరకలేదు.

మావయ్యగారికి మందులు మొదలయ్యాయి. గీతలు మంత్రమేం కాదు. కొన్ని రోజులు గీతల ముందు కూడా ఆగిపోయేవారు. మాత్ర ఎన్నింటికి వేశాం, ఎన్నింటికి కదిలారు, ఎన్నింటికి బిగుసుకుపోయారు, అంతా నన్ను రాయమన్నారు డాక్టరమ్మగారు. "నడిచేటప్పుడు మాట్లాడించకు, ఒక పని మీంచి ఇంకో పనికి మళ్ళడం ఆయనకి కష్టం" అనేవారు. "అడగడం లేదంటే వద్దని కాదు. కావాలనిపించడం వేరు, నోరు తెరవడం వేరు. రెంటి మధ్యా గండి పడింది. కాఫీ నువ్వే తీసుకెళ్ళి చేతిలో పెట్టు" అనేవారు. పెట్టాను. తాగి గ్లాసు నా వైపు చాపేవారు, ఇంకొంచెం కావాలన్నట్టు. ఏడాదిన్నర పాటు అడగని కాఫీలు ఎన్ని పోయాయో అనుకుంటూ ఇంకొంచెం పోసేదాన్ని. మూడేళ్ళ కిందట ఆయన పోయేదాకా మా హాల్లో గీతలు చెరగలేదు. ముగ్గు తుడిచిపెట్టుకుపోతోందని తర్వాత ఎర్ర టేపు అంటించాం, ఆయన దగ్గరుండి తిన్నగా అంటించారు.

అప్పటికి నేను ఆవిడకి సగం అసిస్టెంటునైపోయాను. పదో తరగతితో ఆపేసిన నన్ను చుట్టుపక్కల ఊళ్ళకి వెంటబెట్టుకుని తిప్పారు. "నీలాంటి అనుమానపు మనిషే నాకు కావాలి. నమ్మేవాళ్ళు నాకు ఏం కావాలో అదే రాసిస్తారు" అనేవారు. ఓసారి వాడరేవు తీసుకెళ్ళారు. సముద్రం చూపిస్తారనుకుంటే, చేపలు ఎండేసే ఆడవాళ్ళ చేతులు చూస్తూ రెండు గంటలు ఇసుకలో కూర్చోబెట్టారు. "చేతులు చేపలు తిప్పుతున్నాయి, నోరు అత్తగారిని తిడుతోంది. ఎంత గొప్ప సంగతో చూడు" అన్నారు. నాకు చేపల కంపు తప్ప ఏ గొప్పా కనపడలేదని చెప్తే పడీపడీ నవ్వారు.

ఆ మనిషినే నేను కనిపెట్టాల్సి వస్తుందనుకోలేదు. మావయ్యగారు పోయిన కొన్నాళ్ళకి, ఓ ఉదయం మేడ మీంచి పాలు మాడిన వాసన. పరిగెత్తి వెళ్తే స్టవ్వు పక్కనే కూర్చుని పేపరు చదువుతున్నారు. గిన్నె నల్లగా మాడిపోయింది. ఆవిడకి వాసన తెలియలేదు. జలుబన్నారు. ముక్కు మాత్రం శుభ్రంగా ఉంది. ఆ సాయంత్రం మెట్లు దిగుతుంటే చూశాను, కుడి చెయ్యి ఊగుతోంది, ఎడమ చెయ్యి ఊగడం లేదు. వాసన పోవడం, ఒక చెయ్యి ఊగకపోవడం ఈ జబ్బుకి తొలి గుర్తులని ఆవిడే నాకు చెప్పారు. నలభై రోజులు ఎవరికీ చెప్పకుండా రాశాను. ఆవిడ నేర్పినట్టే, రెండు వైపులా రాశాను. చెయ్యి బాగా ఊగిన రోజులు కూడా రాశాను. అవి ఎక్కువవ్వాలని దేవుడికి మొక్కుకుంటూ రాశాను.

నలభై ఒకటో రోజున ఆ కాగితాలు ఆవిడ ముందు పెట్టాను. చివరిదాకా చదివారు.

"బాగున్న రోజులు కూడా రాశావు. మంచి పని" అన్నారు. తర్వాత చెప్పారు, "ఏడాదిగా నాకూ అనుమానమే. పరీక్ష చేయించుకోలేదు."

నాకు ఒళ్ళు మండింది. "మావయ్యగారిని నమ్మలేదని నన్ను అంత మాటన్నారే! మీ దాకా వచ్చేసరికి దాక్కుంటారా?"

"అన్నాను. దాక్కున్నాను. ఇదేంటో బాగా తెలిసిన మనిషిని కదా, దాక్కోడం కూడా బాగానే తెలుసు" అన్నారు. అంత మనిషీ నా చెయ్యి పట్టుకుని "భయమేస్తోందమ్మా" అన్నారు.

ఆ వారమే గుంటూరు వెళ్ళి పరీక్షలు చేయించుకున్నాం. మావయ్యగారికొచ్చిన జబ్బేనన్నారు. తిరిగొచ్చాక ఆవిడ నాకు రెండు పనులు చెప్పారు. ఒకటి, రోజూ తన గురించి నోటుబుక్కులో రాయాలి, మావయ్యగారికి రాసినట్టే. రెండు, తను పోయాక మెదడు పరిశోధనకి ఇవ్వాలి. "లోపల ఏమైందో నేను చూసుకోలేను. ఇంకెవరన్నా చూడాలి. బయట ఏమైందో నీ నోటుబుక్కులో ఉంటుంది. రెండూ కలిపి చూస్తేనే ఉపయోగం" అన్నారు. తన సంతకం పెట్టేసి, సాక్షిగా నా నంబరు రాశారు. పోయాక దగ్గర బంధువు కూడా సంతకం పెట్టాలని ఆ కాగితంలోనే ఉంది. ఆవిడకున్న బంధువు గుంటూరులో ఉండే తమ్ముడు ఒక్కరే. ఆయనకి చెప్పారా అంటే "చెప్తాలే" అనేవారు. చెప్పలేదు.

ఆ తమ్ముడుగారు ప్రతి ఆదివారం అక్కని చూడ్డానికి వచ్చేవారు. వచ్చి అరగంట కూర్చుని పళ్ళు పెట్టి వెళ్ళేవారు. నేను ఆ టైముకి మేడ ఎక్కేదాన్ని కాదు, అక్కాతమ్ముళ్ళ మధ్య నేనెందుకని. అంతకుమించి ఆయన నాకు తెలియదు. ఆఖరి నెలలో నిమోనియా వచ్చింది. ఆయనే వచ్చి గుంటూరు ఆస్పత్రికి తీసుకెళ్ళారు. అక్కడికి ఒక్కసారి చూడ్డానికి పోయాను. రెండోసారి వెళ్ళేలోపే ఈ ఫోనొచ్చింది.

మా ఆయన బండి మీద దింపితే పదిన్నరకల్లా ఆస్పత్రిలో ఉన్నాను. చేతిసంచిలో నోటుబుక్కులు, సంతకం కాగితం. ఈ పనికని వచ్చిన కుర్ర డాక్టరు, ఒకప్పుడు ఆవిడ పాఠం విన్నవాడే, "ఎంత త్వరగా తీస్తే అంత మంచిదండీ, ఇవాళ దాటితే పనికిరాకపోవచ్చు" అన్నాడు. తమ్ముడుగారు బల్ల మీద కూర్చుని ఉన్నారు. డెబ్బై ఏళ్ళకి దగ్గరున్న మనిషి. కాగితం చేతికిచ్చి సంగతి చెప్పాను.

"ఏమ్మా, అసలు నువ్వెవరు?" అన్నారు.

"పక్కింటిదాన్నండి."

"పక్కింటిదానివి. మా అక్క తల కోయించడానికి వచ్చావు. ఇందులో నీకేమొస్తుంది?"

నేను ఆరేళ్ళ కిందట ఆవిడని అడిగిన ప్రశ్నే. నా మొహం మీద కొట్టినట్టయింది. "ఏమీ రాదండి" అన్నాను. నాకే అది దొంగ మాటలా వినపడింది.

"జబ్బు మనిషి చేత ఏ కాగితం మీదైనా సంతకం పెట్టించొచ్చు. ఆ పుస్తకాలేంటి?"

"ఆవిడ గురించి రోజూ రాసినవండి."

"ఈ రాత మా అక్కది కాదు."

"నాదండి. ఆవిడ చెప్తే రాశాను."

"అదే నేనంటున్నది" అని పుస్తకం మూసేశారు. తర్వాత గొంతు తగ్గింది. "చూడమ్మా. జీవితమంతా ఆ జబ్బుల వెనకే పోయింది. నా పిల్లల పెళ్ళిళ్ళకి వచ్చి గంటలో వెళ్ళిపోయింది. సర్లే, ముసలితనంలోనన్నా దగ్గరవుదామని ప్రతి వారం అంత దూరం వెళ్ళాను. నన్ను చూసి ఒక్కనాడు నవ్వలేదు. పిల్లలెలా ఉన్నారని అడగలేదు. గోడని చూసినట్టు చూసేది. రెండేళ్ళు. నేనంటే ఇష్టం లేదని అర్థమైంది. అయినా వెళ్ళాను. బతికుండగా నాకేమీ మిగల్చలేదు. పోయాకన్నా మొత్తం మనిషిని నాకివ్వండి. నేను సంతకం పెట్టను."

ఆవిడ మొహం జబ్బువల్ల బిగుసుకుపోయిందండీ అని చెప్పాను. డాక్టర్లు అలాగే చెప్తారులే అన్నారు. కుర్ర డాక్టరు గోడ గడియారం వైపు చూస్తున్నాడు. ఆయన మళ్ళీ పుస్తకం తెరిచి పేజీలు తిప్పుతున్నారు, ఎక్కడ దొరుకుతానా అన్నట్టు. ఓ చోట ఆగారు.

"రోజూ ఎనిమిదికి మాత్ర. ఆదివారం మాత్రం తొమ్మిదికి. ప్రతి ఆదివారం ఇంతే. ఎందుకు? ఆదివారం నువ్వు లేటుగా వెళ్ళేదానివా?"

"లేదండి. నేను ఎనిమిదికే మాత్రా నీళ్ళూ పట్టుకుని నిలబడేదాన్ని. ఆవిడే వద్దనేవారు. అసలు ఎనిమిదికి పడకపోతే కదల్లేరు, కుర్చీలో కొయ్యలా బిగుసుకుపోయేవారు. గంటసేపు అట్టాగే కూర్చునేవారు. మాత్ర వేసుకున్న గంటకి పనిచేస్తుంది, పన్నెండు లోపు దిగిపోతుంది. మా తమ్ముడు పదింటికి వస్తానన్నాడు, అప్పటికి మొహం కదలాలి అనేవారు."

ఆయన నా వైపు చూశారు. "పదింటికా?"

"ఆదివారం పదికి వస్తానని మీరు చెప్పారటగా."

"మొదట్లో చెప్పాను" అన్నారు. బస్సులో, మార్కెట్లో, ఎక్కడో ఆలస్యమయ్యే ఉంటుంది. "ఒక ఫోను చేసి త్వరగా రారా అనొచ్చుగా?"

"నేనూ అదే అన్నానండి. వాడికి వీలైనప్పుడు వస్తాడులే అన్నారు."

పుస్తకం ఆయన ఒళ్ళోనే ఉంది. పేజీ అంచున, నా రాత పక్కన, చీమలంత అక్షరాలున్నాయి. చాలా ఆదివారాల్లో ఉన్నాయి. మాత్రల గుర్తులేవో వేసుకుంటున్నారనుకుని నేనెప్పుడూ చదవలేదు. లోకంలో ప్రతిదాన్నీ అనుమానించే మనిషిని, ఆ మూల ఏం రాస్తున్నారో చూడనే లేదు. ఈ జబ్బులో చేతిరాత చిన్నదైపోతుంది. అది ఆవిడ రాతే. తమ్ముడుగారు కళ్ళజోడు పైకీ కిందికీ జరిపి, చదవలేక, ఫోన్ కెమెరాలో పెద్దది చేసి చూశారు. ఆయన భుజం మీంచి నేనూ చూశాను.

పది గంటల పది నిమిషాలు. నవ్వగలుగుతున్నాను. తమ్ముడు ఇంకా రాలేదు.

పదకొండు నలభై. దిగిపోతోంది.

పన్నెండు. వచ్చాడు.

ఆయన కుర్ర డాక్టరు వైపు చెయ్యి చాపి కాగితం అడిగారు. ఒళ్ళో ఉన్న నోటుబుక్కు మీదే కాగితం పెట్టుకుని సంతకం చేశారు. కుర్ర డాక్టరు కాగితం తీసుకుని గబగబా లోపలికి వెళ్ళిపోయాడు. నేను పుస్తకాల కోసం చెయ్యి చాపబోయి ఆగాను. ఆయన బల్ల మీద ఒక పక్కకి ఒరిగి కూర్చుని, ఫోను పేజీ మీదికి వంచి పట్టుకుని, వేలితో అక్షరాలు పెద్దవి చేసుకుంటూ, అంతకు ముందు ఆదివారానికి తిప్పారు.